రెండు టికెట్ల వ్యాజ్యం

పుంగనూరు నుంచి మదనపల్లెకు తిరిగే బస్సులో మునెయ్య అని ఒక కండక్టరు ఉండేవాడు. చేతులు టికెట్లు చింపుతుంటే నోరు మనుషుల్ని చింపుతుండేది. ఒక సంతనాడు బస్సు కిక్కిరిసి ఉంది. ఇద్దరు కూర్చునే సీటులో గోవిందరాజులు ఒక్కడే నిండుగా కూర్చుని, మదనపల్లెకు ఒక టికెట్టు అడిగాడు. మునెయ్య అతన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాడు.

"ఒకటి సాలదు సామీ. రెండు టికెట్లు తీసుకో."

బస్సంతా నవ్వింది. గోవిందరాజులు కూడా నవ్వాడు. ఆ మాట బస్సులోనే ఉండిపోతుందనుకున్నాడు. కానీ అతను దిగినప్పుడు అదీ దిగింది. సాయంత్రానికి అతని కంటే ముందే పుంగనూరు చేరింది.

గోవిందరాజులుకు పుంగనూరులో పశువుల దాణా అంగడి. తవుడు, చెనక్కాయ చెక్క, పత్తిగింజలు అమ్ముతాడు. పాడి ఆవులున్న ప్రతి ఇంటికీ అతనితో పని. నెల తిరిగేసరికి "గోవిందరాజులు అంగడి యాడ?" అని అడిగితే చెప్పేవాళ్లు లేకుండా పోయారు. "రెండు టికెట్లన్న అంగడా? అదో, ఆడ" అనేవాళ్లు. అతను పట్టించుకోలేదు. లావుగా ఉన్నవాణ్ని సన్నంగా ఉన్నావని ఎవరంటారులే అనుకున్నాడు.

కానీ ఆ పల్లెల్లో పేరు అంత తేలికైన వస్తువు కాదు. ఎవరి తాతో ఒకసారి సంతలో గొడుగు పోగొట్టుకుంటే మునిమనవళ్ల దాకా గొడుగోళ్లే. ఇంటిపేరు పెళ్లిపత్రికలో తప్ప ఎక్కడా కనబడదు. ఈ సంగతి గోవిందరాజులుకు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. మూడో తరగతి చదివే కూతురు జాహ్నవి బడి నుంచి వచ్చి, జడ రిబ్బను విప్పుకుంటూ మామూలుగా అడిగింది.

"నాయనా, నేను అర టికెట్టంట. నిజమేనా?"

ఏడవలేదు. అడిగి ఆడుకోను పోయింది. ఏడ్చి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

అదే రోజుల్లో గోవిందరాజులు దాణా మూటలు వేయడానికి ఒక పాత వ్యాను కొన్నాడు. రంగు కొత్తగా కొట్టించాడు. ముందు అద్దం మీద పేరు రాయించాలి. ఏం రాయించాలో తేలక, ఆ జాగా ఖాళీగా పెట్టుకునే తిరుగుతున్నాడు.

ఆ ఏడే లోహిత్ అనే బెంగళూరు కుర్రవాడు మదనపల్లె రోడ్డులో ఒక గట్టునేలను గుత్తకు తీసుకుని కార్టులు పెట్టాడు. అవి మోకాలి ఎత్తు బండ్లు. పైకప్పు లేదు, తలుపులు లేవు. నాలుగు చక్రాలు, ఒక సీటు, వెనక బోరుమనే చిన్న ఇంజను. బాడుగ కడితే కొన్ని చుట్లు తిరగవచ్చు. గట్టునేలను చదును చేయించడానికి ఓపిక లేక, ఎట్లా ఉందో అట్లాగే మీద తారు పోయించాడు. అందుకని బాట ఒక పక్క వాలుగా దిగి, అడుగున మలుపు తిరిగి, రెండో పక్క ఎక్కేది. అంచుల వెంబడి పాత లారీ టైర్లు. ఒక నల్లబల్ల. ఆ వారంలో ఎవరు త్వరగా చుట్టు తిరిగితే వాళ్ల పేరు పైన, ఆలస్యమైనవాళ్లు వరుసగా కింద.

గోవిందరాజులును అక్కడికి తీసుకుపోయింది బామ్మర్ది ప్రవీణ్. కుప్పం మనిషి, మదనపల్లె టమాటా మండీలో వ్యాపారం. వెదురు బద్దలా ఉంటాడు. ఎండలో నిలబడితే నీడ కూడా సన్నగానే పడుతుంది. ఆ రోజు బల్ల మీద మూడో పేరు ప్రవీణ్‌ది. గోవిందరాజులు పేరు అట్టడుగున పడింది. దాని కింద సుద్ద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"బావా, నువ్వు దిగినాక ఆ బండికి కొన్ని నీళ్లు తాపాల. ఆయాసపడతాండాది పాపం" అన్నాడు ప్రవీణ్.

"గమ్మునుండప్పా. మొదటిసారి గదా."

"మొదటిసారి గాదు బావా, ఇద్దరెక్కినారు గదా. రెండు టికెట్లు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈసారి గోవిందరాజులు నవ్వలేదు. బావను ఆటపట్టించడం బామ్మర్ది హక్కు, దానికి కోపం తెచ్చుకోకూడదు. కోపం రాలేదు గానీ రిబ్బను విప్పుకుంటున్న జాహ్నవి కళ్లముందు కనబడింది.

"రేయ్, నీకంటే బిరీన తిరిగితే ఏం జేస్తావు?"

ప్రవీణ్ ఆలోచించలేదు. "మండీలో ఏలం పాడే మైకులో, అందరూ ఇనేటట్ల 'గోవిందరాజులు గారు' అని మూడుసార్లు పిలుస్తా. ఇంగ ఆ పేరు నా నోట రాదు. ఓడిపోతివా, నీ వ్యాను మొగాన 'రెండు టికెట్లు' అని నేనే రాయిస్తా. ఎర్ర రంగుతో."

"సరే" అన్నాడు గోవిందరాజులు. జీవితంలో పందెం కట్టినవాడు కాదు. ప్రవీణ్ పేరు పెట్టాడంటే మండీ అంతా పెట్టినట్టే. వ్యాను మీద ఎక్కిందంటే ఇక జాహ్నవి పెళ్లిదాకా దిగదు.

గడువు దీపావళి ముందు ఆదివారం అనుకున్నారు.

బరువున్నవాడికి తట్టే మొదటి ఉపాయం బరువు దించుకోవడమే. గోవిందరాజులు రాత్రి సంగటి మానేశాడు. ఊరిబిండి పచ్చడి వాసన వస్తే వీధిలోకి పోయి నిలబడేవాడు. పెళ్లాం భార్గవి తట్టలో ముద్ద పెట్టుకుని గడప దగ్గర నిలబడి అడిగేది.

"ఏమయ్యా, ఎవురిమీద అలిగినావు? నామీదనా, రాగులమీదనా?"

"ఎవురిమీదా లేదు. ఆకలి లేదు."

"నీకా?" అని ఒక్క మాట అని లోపలికి పోయేది.

కార్టు ఎక్కేముందు చెప్పులు విప్పాడు. గడియారం, మెడలో గొలుసు, జేబులో తాళాలు తీసేశాడు. అయినా బల్ల మీద పేరు పైకి పాకలేదు. చివరికి నడుముకున్న వెండి మొలతాడు కూడా విప్పి అంగట్లో గల్లాపెట్టెలో పెట్టాడు. వేలంత లావు మొలతాడు. తూకం వేస్తే తూకమే.

అది అతని తల్లి సుశీలమ్మ కంటబడింది.

"నీ మొల బోసిగా ఉండాదేమిరా?"

"గుచ్చుకుంటాంటే తీసినా మా."

"ఇన్నేండ్లు గుచ్చుకోనిది ఇప్పుడు గుచ్చుకుందా? మగోడికి మొలతాడు తీసేది ఒకేసారి. అదీ వాడు తీసుకోడు, ఊరోళ్లు తీస్తారు. తెలుసునా?" అని మొలతాడు కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది.

అది కూడా ఫలించలేదు. తర్వాత దేవుడి సహాయం. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం అందరూ చేసేదే. ఒక ఆదివారం లోహిత్ అటు తిరగ్గానే గోవిందరాజులు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, దండం పెట్టుకుని ఎక్కాడు. కార్టు టైర్లకు గాడులుండవు, నున్నగా ఉంటాయి. పండిన నిమ్మకాయల రసం, గుజ్జు వాటికి అంటుకున్నాయి. మొదటి మలుపులోనే బండి బొంగరంలా గిర్రున తిరిగి, వచ్చిన దారినే చూస్తూ నిలబడింది. ఎదురుగా ప్రవీణ్ వస్తున్నాడు. బావను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, పక్కనుంచి పోయాడు.

లోహిత్ పరుగెత్తుకొచ్చి టైరు వాసన చూశాడు.

"ఏందన్నా ఇది, పులిహోర కలిపినావా?"

అయినా మంచి కుర్రవాడు. టైర్లు కడిగించి, గోవిందరాజులును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"అన్నా, నీ బరువు ఎవురేం జేసినా పోదు. నువ్వు పోగొట్టుకునేది వేగం. ప్రవీణన్న మలుపులో వేగం పోగొట్టుకున్నా మళ్లీ బిరీన తెచ్చుకుంటాడు. నీకైతే ఇంజను ఆ బరువంతా లాక్కొచ్చేదానికి సగం బాట అయిపోతాది. అందుకని నువ్వు పోగొట్టుకోనే గూడదు. బ్రేకు ముందే తొక్కు, బండి నేరుగా ఉన్నప్పుడు తొక్కు. తిరిగేటప్పుడు కాలు తీసెయ్. స్టీరింగుతో కొట్లాడొద్దు."

గోవిందరాజులు తల ఊపాడు. మాట చెవికెక్కింది గానీ కాలికి దిగలేదు. వాలులో బండి జోరందుకోగానే గుండె జారేది. అడుగున మలుపులో, చక్రాలు తిరిగి ఉండగానే, కాలు తనంతట తానే బ్రేకు మీద పడేది. టైర్లు కీచుమని అరిచేవి. బండి పక్కకు జరిగి నీరసపడేది. ఇక ఎదురెక్కు ఎక్కడానికి ఇంజను మూలిగేది. ప్రతి చుట్టూ ఇంతే. పేరు ఒక మెట్టు ఎక్కింది, మళ్లీ దిగింది.

గడువు దగ్గర పడింది. గురువారం సాయంత్రం అంగట్లో ఫోను మోగింది. ప్రవీణ్. ఎర్ర రంగు డబ్బా కొనిపెట్టానని చెప్పడానికి చేశాడు. లోపల తవుడు జల్లెడ పడుతున్న సుశీలమ్మకు కొడుకు గొంతు వినబడింది.

"ఆదివారం కార్టులో తేల్సుకుందాం రా. నువ్వో నేనో. ఇంగ ఇడిసిపెట్టేది లేదు."

సుశీలమ్మకు కార్టు తెలీదు. కోర్టు తెలుసు. ఆమె పుట్టింటివాళ్లు బావిగట్టు కోసం ముప్పై ఏళ్లు కోర్టుకు తిరిగి, బావి ఎండిపోయాక రాజీపడ్డారు. కొడుకు సంగటి మానేయడం, రాత్రుళ్లు పొర్లడం, మొలతాడు విప్పేయడం అన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమైపోయాయి. తగాదా ఎందుకో కూడా ఆమే కనిపెట్టింది. భార్గవి పెళ్లప్పుడు ఆమె తండ్రి గోపాలస్వామి, కుప్పం దగ్గరున్న చింతమాన్లు కూతురికే అని నలుగురిలో అన్నాడు. తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే మరిచినట్టా!

పక్కింటికి పోయి, ఆదివారం పెట్టే కోర్టు ఎక్కడని అడిగి తెలుసుకుని, కుప్పంలో ఉన్న వియ్యంకుడికి ఫోను చేయించింది.

"అన్నా, నాలుగు చింతమాన్ల కోసం బావా బామ్మర్దులు కోర్టుకెక్కేదా? మనం బతికుండంగానే?"

గోపాలస్వామి ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాడు. ఆ చింతపండు పదేళ్లుగా ఆయనే తింటున్నాడు.

"ఎప్పుడు సెల్లెమ్మా?"

"ఆదివారం."

"ఆదివారం కోర్టు ఉండదే!"

"ఇది వేరే కోర్టంట అన్నా. బెంగళూరాయన పెట్టినాడంట, మదనపల్లె రోడ్డులో."

ఆదివారం పొద్దున బాట దగ్గర జనం బాగానే ఉన్నారు. పందెం సంగతి మండీలో పాకింది. భార్గవి, జాహ్నవి ఒక టైరు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుచుకు తింటున్నారు. అప్పుడొక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి సుశీలమ్మ దిగింది. ఆమె వెనక తెల్లపంచె, భుజాన మడతపెట్టిన తువ్వాలుతో గోపాలస్వామి దిగాడు. ఆయన చుట్టూ చూసి, మెడలో విజిలు, చేతిలో గడియారం ఉన్న లోహిత్ దగ్గరికి నేరుగా పోయాడు.

"జడ్జి ఎవురప్పా ఈడ?"

"నేనే సామీ, టైము సూసేది నేనే."

"నువ్వా?" అని ఆయన కుర్రవాణ్ని కింద నుంచి పైదాకా చూసి, తువ్వాలు సర్దుకుని గొంతు పెంచాడు. "సరే, ఎవురైతేనేం. ఇనండప్పా. ఆ చింతమాన్లు నా కూతురివే. ఇస్తానన్నా, ఇస్తాండా. ఇంగ ఈ వ్యాజ్యం ఈడనే ఆపండి."

ప్రవీణ్ నోరు తెరిచాడు. గోవిందరాజులు బామ్మర్ది వంక చూశాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. భార్గవి ఒక్కతే చెనక్కాయ పొట్టు దులుపుకుని లేచి నిలబడింది.

"సరే నాయనా. అందరూ ఇన్నారు గదా" అంది.

కార్టుకూ కోర్టుకూ ఉన్న తేడా సుశీలమ్మకు విడమరిచి చెప్పేసరికి జనం కడుపులు పట్టుకున్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. కొంగు ముడి విప్పి వెండి మొలతాడు తీసింది.

"కోర్టో కార్టో, నాకనవసరం. ముందు ఇది కట్టుకో."

"వద్దు మా, ఈ పొద్దొక్కటే. బరువు."

"బరువా?" సుశీలమ్మ గొంతు లేచింది. "మీ తాత ఇది నీకు యాల చేయించినాడురా? బరువున్నావనే గదా!"

గోవిందరాజులు చేయి చాపి మొలతాడు తీసుకున్నాడు. ఆటో చాటుకు పోయి కట్టుకుంటుంటే వెండి చల్లగా నడుముకు తగిలింది.

అతని చిన్నతనంలో బావికి ఇంకా మోటారు లేదు. తాత మునిస్వామి ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలేవాడు. బావి గట్టు మీద నుంచి ఒక వాలు దిగుతుంది. ఎద్దులు ఆ వాలులో దిగుతుంటే మోకు గిలక మీదుగా బానను లాగుతుంది. బావిలోంచి నిండు బాన నీళ్లు పైకి వస్తాయి. దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చోవాలి. అతని బరువు ఎద్దుల మెడలకు సాయం. సన్నంగా ఉన్నవాడు కూర్చుంటే మోకు వాణ్ని ఎగరేసి పడేస్తుంది. తొమ్మిదేళ్లకే గుండ్రంగా ఉన్న మనవణ్ని తాత పిలిచి మోకు మీద కూర్చోబెట్టేవాడు. "రారా నా నిండు బానా, నువ్వు కూసుంటే ఎద్దులకు పండగ" అనేవాడు. పక్క బావులవాళ్లు కూడా పిల్లోణ్ని ఒక పూటకు పంపమని అడిగేవాళ్లు. ఆ ఏడు బెల్లం అమ్మగానే తాత మదనపల్లెకు పోయి, పెద్దయినా సరిపోయేట్టు పొడుగ్గా ఈ మొలతాడు చేయించుకొచ్చాడు.

మోకు మీద కూర్చోబెట్టేటప్పుడు ఆయన ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు. "ఏం సర్దుకున్నా గట్టుమీదనే సర్దుకో. వాలులో ఎద్దుల్ని పట్టొద్దు. కదలకుండా కూసో, నీ బరువు పని అది జేస్తాది. అడుక్కు పోయినాక మెల్లిగా తిప్పు."

గోవిందరాజులు ఆటో చాటు నుంచి వచ్చి వాలు వంక చూశాడు. ఇన్ని వారాలు తిరిగిన బాటే. ఇవాళే చూసినట్టు చూశాడు.

బండిలో తేడా ఉందనే మాట రాకుండా ఇద్దరికీ ఒకటే కార్టు ఇచ్చాడు లోహిత్. ముందు ప్రవీణ్. ప్రతి మలుపులో బండి తోక ఊపుకుంటూ, టైర్లు అరిపించుకుంటూ తిరిగాడు. పిల్లలు ఈలలు వేశారు. దిగేసరికి అతని పేరు బల్ల మీద అన్నిటికంటే పైన ఉంది.

"బావా, ఎర్ర రంగు తెచ్చినా. బ్రష్షు నువ్వు తెచ్చుకో" అన్నాడు.

గోవిందరాజులు సీటులో ఇరుక్కున్నాడు. మొదటి చుట్టు నెమ్మదిగా పోయింది. టైర్లు అరవలేదు. జనానికి అది చేతగానితనంలా కనిపించింది. రెండో చుట్టులో వాలు మొదలయ్యే గట్టు మీద, బండి ఇంకా నేరుగా ఉండగానే, బ్రేకు ఒకసారి తొక్కి వదిలేశాడు. కాలు తీసి పక్కన పెట్టాడు. వాలు దిగింది. కాలు లేవబోయింది. మొలతాడు నడుముకు ఒరుసుకుంది. కదలకుండా కూర్చున్నాడు.

బండి తనంతట తాను జోరందుకుంది. అడుగున స్టీరింగును కొంచెమే తిప్పాడు. బాట వెడల్పంతా వాడుకుంటూ, లోపలి టైర్లను రాసుకుంటున్నట్టు పోయి, ఒకే వంపులో తిరిగాడు. కీచుమన్న చప్పుడు లేదు. ఎదురెక్కు మొదలయ్యేసరికి ఆ జోరు ఇంకా చేతిలోనే ఉంది. ఇంజను మూలగలేదు.

"బండేమీ అరవలేదే! ఆగిపోయినాడా?" అని సుశీలమ్మ కళ్లకు అడ్డం పెట్టుకున్న చేయి తీసింది.

"లేదవ్వా, పోతాండాడు! నాయన పోతాండాడు!" అని జాహ్నవి టైరు మీదికెక్కి గెంతింది.

ప్రవీణ్ మాత్రం గెంతలేదు, నవ్వలేదు. టమాటా గంపను చూసినట్టు తల పక్కకు వంచి చూస్తున్నాడు. తర్వాతి చుట్టు ఇంకా నున్నగా సాగింది. ఆఖరి చుట్టు అయ్యేసరికి లోహిత్ గడియారాన్ని అరచేతి నీడలో పెట్టుకుని ఒకసారి చూసి, మళ్లీ చూశాడు. తర్వాత బల్ల దగ్గరికి పోయి, ప్రవీణ్ పేరును అరచేత్తో తుడిచి ఒక మెట్టు కింద రాశాడు. పైన గోవిందరాజులు పేరు రాశాడు. తేడా చిటికె వేసినంత.

"వాచీ ఆగిపోయిందేమో సూడు లోహితూ!" అన్నాడు ప్రవీణ్.

"తిరగతాండాది అన్నా."

ప్రవీణ్ వంగి కార్టు కిందికి చూశాడు. టైరు వాసన చూశాడు.

"నిజం సెప్పు బావా. ఏం పెట్టినావు?"

"మొలతాడు" అన్నాడు గోవిందరాజులు. సీటులోంచి లేవడానికి ఇద్దరు సాయం పట్టారు. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ నవ్వులాటగా తోచలేదు.

ఇంత దూరం వచ్చి తీర్పు చెప్పకుండా పోవడం గోపాలస్వామికి ఇష్టం లేదు. చింతమాన్లు ఎట్లాగూ పోయాయి, పెద్దరికమైనా దక్కాలి. టైర్ల కుప్ప మీద తువ్వాలు పరచుకుని కూర్చున్నాడు.

"ప్రవీణు ఒక్కడు మానేస్తే సాలదు. ఇది అందరికీ. ఈ పొద్దు నించి మా అల్లుణ్ని ఎవురైనా ఆ పేరుతో పిలిస్తే, వాడు గోవిందరాజులును ఈపున మోసుకోని ఈ బాట ఒక సుట్టు తిరగాల. వాలులో దిగేటప్పుడు ఎట్లున్నా, ఎదురెక్కు గూడా ఎక్కాల. ఒప్పుకుంటిరా?"

జనం వాలునూ, ఎదురెక్కునూ, గోవిందరాజులునూ చూశారు. ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రమే వ్యాను మొగాన పేరు రాయించాడు. ప్రవీణ్ తెచ్చిన ఎర్ర రంగే. అక్షరాలు వేరే: నిండు బాన. జాహ్నవి అక్షరాలు కూడబలుక్కుని చదివి, బాన అంటే ఏమని అడిగింది. మరునాడు మండీ నుంచి వచ్చాక బావి దగ్గరికి తీసుకుపోయి చూపిస్తానన్నాడు.

మరునాడు పొద్దున మైకులో తన పేరు వినడానికి గోవిందరాజులు మదనపల్లె బస్సెక్కాడు. వ్యాను ఉంది, దానిమీద రంగు ఇంకా ఆరలేదు. ఇద్దరు కూర్చునే సీటులో నిండుగా కూర్చున్నాడు. మునెయ్య టికెట్లు చింపుకుంటూ వచ్చాడు. చూడగానే అలవాటుగా నోరు తెరిచాడు.

"ఏం సామీ, రెండు టి..."

వెనక సీటులోంచి ఎవరో దగ్గారు. తీర్పు ఆదివారం రాత్రే ఆఖరి బస్సులో పుంగనూరు చేరింది. మునెయ్య ఆగిపోయాడు. గోవిందరాజులు తొడలు చూశాడు, భుజాలు చూశాడు. తన వీపు ఒకసారి తడుముకున్నాడు.

"రెండు... రెండు నిమిషాల్లో బయల్దేరతాది సామీ, బాగా కూసోండి" అని ఒక్క టికెట్టు చింపి, రెండు చేతులా అందించాడు.